ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు ఏ లాప్‌టాప్ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైన వారం నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. బంధువులు, వీధిలో వాళ్లు, తమ్ముడి ఆఫీసులో పనిచేసే వాళ్లు... అందరిదీ ఒకటే మాట: "పిల్లాడికి లాప్‌టాప్ కొనాలి, ఏది కొనమంటారు?" కాలేజీ ఫీజు, హాస్టల్ ఫీజు కట్టాక మిగిలిన డబ్బుతో కొనేవాళ్లు కొందరు, బంగారం కుదువ పెట్టి తెచ్చి కొనేవాళ్లు కొందరు. ఆ డబ్బు నాలుగేళ్లు పనికి రావాలి. అందుకే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు ఈ నంబర్లేవీ అర్థం కావు.

ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం పని అయిపోయినట్టే. లాప్‌టాప్‌లో కొన్ని తర్వాత మార్చుకోవచ్చు, కొన్ని ఎప్పటికీ మార్చుకోలేం. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, స్క్రీన్, కీబోర్డు, బాడీ కొన్నరోజు ఎలా ఉన్నాయో చివరిదాకా అలాగే ఉంటాయి. స్క్రీన్ మార్పించవచ్చు గానీ అయ్యే ఖర్చు చూస్తే ఎవరికీ మనసొప్పదు. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీని మాత్రం చాలా మోడళ్లలో పది నిమిషాల్లో మార్చేయవచ్చు. ర్యామ్, అంటే పని నడుస్తున్నప్పుడు వాడే తాత్కాలిక మెమొరీ, కొన్నింటిలో పెంచుకోవచ్చు, కొన్నింటిలో కుదరదు. కాబట్టి చేతిలో ఉన్న డబ్బును ముందు మార్చుకోలేని వాటి మీద పెట్టండి. 1 టీబీ స్టోరేజ్ ఉందని మురిసిపోయి నాసిరకం స్క్రీన్ ఉన్నది కొంటే, ఆ స్క్రీన్‌నే నాలుగేళ్లు చూడాలి.

ఐ5 తీసుకోవాలా, ఐ7 తీసుకోవాలా?

షాపులో అందరూ మొదట అడిగేది ఇదే, ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. ఐ5, ఐ7 అన్నవి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల పేర్లు, ఇంటిపేరు లాంటివి. దాన్నిబట్టి మనిషి ఎలాంటివాడో తెలియదు కదా. దాని వెనకున్న నంబరు, చివరి అక్షరం చూడాలి.

ఉదాహరణకు ఇంటెల్ 12వ జనరేషన్‌లో ఐ5-1235యూ, ఐ7-1255యూ అని రెండున్నాయి. రెండింటిలోనూ కోర్లు, అంటే ప్రాసెసర్ లోపల పనిచేసే భాగాలు, పదే: పెద్దవి రెండు, చిన్నవి ఎనిమిది. తేడా వేగంలో కాస్త మాత్రమే. ఐ7 అనే పేరు కోసం ఎన్నో వేలు ఎక్కువ పెట్టి కొంటారు, వాడేటప్పుడు ఆ తేడా కంటికి ఆనదు. అదే జనరేషన్‌లో ఐ5-12500హెచ్ చూడండి. దానిలో పెద్ద కోర్లు నాలుగు, చిన్నవి ఎనిమిది, మొత్తం పన్నెండు. కాసేపు బరువైన పని పెడితే ఆ యూ రకం ఐ7ను ఈ ఐ5 సులువుగా దాటేస్తుంది.

చివరి అక్షరానికి అర్థం ఇంతే. యూ అంటే కరెంటు తక్కువ తాగేది: బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, వేడి తక్కువ, బలమూ తక్కువే. హెచ్ అంటే బలమైనది: వేడి, బరువు, ఫ్యాన్ చప్పుడు కూడా వెంట వస్తాయి. క్లాసులు, కోడింగ్, ప్రాజెక్టు రిపోర్టుల వరకైతే యూ సరిపోతుంది. డ్రాయింగ్, సిమ్యులేషన్, వీడియో ఎడిటింగ్ ఉంటే హెచ్ తీసుకోండి.

ఇప్పుడు ఇంటెల్ ఆ 'ఐ' తీసేసి కోర్ 5, కోర్ 7, కోర్ అల్ట్రా 5 అని పేర్లు పెడుతోంది. పేరు కొత్తదైనంత మాత్రాన లోపలున్నది కొత్తదని కాదు. కోర్ 5 120యూ పేరు కొత్తది, లోపలి డిజైన్ 13వ జనరేషన్‌దే. తక్కువ ధరకు వస్తే నిక్షేపంగా తీసుకోండి, కొత్త టెక్నాలజీ అని చెప్పి ఎక్కువ అడిగితే మాత్రం ఇవ్వకండి.

రైజెన్ మంచిదేనా? వేడెక్కుతుందని అంటారు.

మంచిదే. రైజెన్ అంటే ఇంటెల్‌కు పోటీగా ఏఎండీ కంపెనీ చేసే ప్రాసెసర్. వేడి అన్నది ఆ మోడల్‌ను ఎలా తయారుచేశారన్నదాన్ని బట్టి ఉంటుంది, చిప్ ఏ కంపెనీదన్నదాన్ని బట్టి కాదు. అయితే రైజెన్‌లోనూ నంబరు చదవడం నేర్చుకోవాలి. 7000 సిరీస్‌లో మూడో అంకె అసలు రహస్యం చెబుతుంది. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2 డిజైన్. ఆ డిజైన్ 2019 నాటిది, కోర్లు నాలుగే. రైజెన్ 5 7530యూలో మూడో అంకె 3, అంటే జెన్ 3, కోర్లు ఆరు. పేరులో ఒక్క అంకె తేడా, పనిలో చాలా తేడా. పైగా 7520యూ వాడే ర్యామ్ రకం బోర్డుకే సోల్డర్ చేసి (అతికించి) వస్తుంది, తర్వాత పెంచుకోలేరు. రెండూ షాపులో "రైజెన్ 5, 7000 సిరీస్" అన్న ఒకే బోర్డు కింద ఉంటాయి. పూర్తి నంబరు చూడకుండా డబ్బు కట్టొద్దు.

8 జీబీ ర్యామ్ చాలదా?

చాలదు. ఇంజినీరింగ్ విద్యార్థికి 16 జీబీ కావాలి. విండోస్ 11, క్రోమ్‌లో పది ట్యాబులు, ఆన్‌లైన్ మీటింగ్ కలిస్తేనే 8 జీబీ దాదాపు నిండిపోతుంది. ఆ పైన ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, అందులోని ఎమ్యులేటర్ (తెర మీది నమూనా ఫోన్) నడిపితే మౌస్ కూడా కదలదు.

ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. 2022లో మా అక్క కొడుక్కి ఒక షాపులో 8 జీబీ లాప్‌టాప్ కొన్నాం. "ఇప్పటికి 8 చాలు సార్, తర్వాత పెంచుకోవచ్చు" అని అక్కడి అబ్బాయి ధీమాగా చెప్పాడు, నేను నమ్మాను. రెండో ఏడాది వాడికి పని ఆగిపోతోందంటే కొత్త ర్యామ్ స్టిక్ కొనుక్కుని వెళ్లి, వాళ్ల డైనింగ్ టేబుల్ మీద వెనక మూత విప్పాను. స్లాటే లేదు. నాలుగు నల్లటి చిప్‌లు బోర్డు మీద సోల్డర్ చేసి ఉన్నాయి. అక్క పక్కనే నిలబడి చూస్తోంది. ఆ మోడల్ పేజీలో "ఆన్‌బోర్డ్" అని ముందునుంచే రాసి ఉంది, నేను చదవలేదు. మిగిలిన రెండేళ్లు వాడు ఆ 8 జీబీతోనే నెట్టుకొచ్చాడు.

కాబట్టి స్పెసిఫికేషన్లలో ర్యామ్ వరుస చివరిదాకా చదవండి. "ఆన్‌బోర్డ్" అని గానీ "సోల్డర్డ్" అని గానీ ఉంటే పెంచలేరు. ర్యామ్ రకం పేరు ముందు "ఎల్‌పీ" అక్షరాలుంటే, అంటే ఎల్‌పీడీడీఆర్5 లాంటిదైతే, దాదాపుగా సోల్డర్ చేసినదే. "8 జీబీ ఆన్‌బోర్డ్ + ఒక స్లాట్" అని ఉంటే ఫర్వాలేదు, ఇంకో 8 వేసుకోవచ్చు. షాపులో డెమో పీస్ ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమొరీ మీద నొక్కండి. చాలా మోడళ్లలో మొత్తం ఎన్ని స్లాట్లు, వాటిలో ఎన్ని నిండాయో అక్కడే కనిపిస్తుంది.

ఇంకో మాట. ఒకే 16 జీబీ స్టిక్ కంటే 8 + 8 రెండు స్టిక్‌లు మేలు. గ్రాఫిక్స్ కార్డు విడిగా లేని లాప్‌టాప్‌లో బొమ్మల పనికి కూడా ఈ ర్యామే వాడతారు. రెండు స్టిక్‌లతో రెండు దారులు (చానెళ్లు) ఉంటే వేగం పెరుగుతుంది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ అయితే, ర్యామ్ ఒకే చానెల్‌లో ఉన్నప్పుడు తన పేరునే యూహెచ్‌డీ అని, అంటే ఇంటెల్ తక్కువ రకం గ్రాఫిక్స్ పేరుతో, చూపిస్తుంది.

"తర్వాత పెంచుకుందాంలే" అనుకునేవాళ్లు ఇది కూడా ఆలోచించాలి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో మెమొరీ ధరలు బాగా పెరిగాయి. వచ్చే ఏడాది ర్యామ్ చౌక అవుతుందన్న లెక్కతో ఇప్పుడు కొనకండి. 8కి, 16కి మధ్య తేడా భరించగలిగితే ఈరోజే 16 తీసుకోండి.

స్టోరేజ్ ఎంత ఉండాలి?

512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్ఎస్‌డీ చాలు. విండోస్‌లో అది 476 జీబీ అని కనిపిస్తుంది, కంగారు పడొద్దు. కంపెనీ లెక్క వేరు, విండోస్ లెక్క వేరు, మోసమేమీ లేదు. ఈఎంఎంసీ అని రాసి ఉన్నవి మాత్రం వద్దు. అవి నెమ్మది, మార్చుకోనూ లేరు.

స్క్రీన్‌లో ఏం చూడాలి?

పిల్లలు రోజుకు ఆరేడు గంటలు చూసేది దాన్నే. అయినా కొనేటప్పుడు అందరూ ఆఖరున చూసేది కూడా దాన్నే, నాకు బాధ కలిగించేది అదే.

ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు మారని రకం), 1920 x 1080 లేదా 1920 x 1200, వెలుగు 300 నిట్స్. ఇంతకు తగ్గకుండా చూడండి. తక్కువ ధర మోడళ్లలో 250 నిట్స్ వస్తాయి. గదిలో ఫర్వాలేదు గానీ హాస్టల్ వరండాలోనో కిటికీ పక్కనో కూర్చుంటే అక్షరాలకు బదులు మన ముఖమే కనిపిస్తుంది. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. కోడింగ్‌కు సరే, డిజైన్ చదివేవాళ్లకు పనికిరాదు. వాళ్లు 100 శాతం ఎస్ఆర్‌జీబీ అని ఉన్నదే తీసుకోవాలి.

షాపుకు వెళ్తే ఇలా చేయండి. నోట్‌ప్యాడ్ తెరిచి స్క్రీన్ నిండా తెల్లగా చేయండి. మూతను నెమ్మదిగా వెనక్కి వంచండి. తెలుపు బూడిద రంగుకు తిరిగినా, పైభాగం నల్లబడినా అది పాత టీఎన్ ప్యానెల్, వదిలేయండి. తర్వాత కీబోర్డు మధ్యలో వేలితో కాస్త గట్టిగా నొక్కండి. మంచం నులకలా కిందికి దిగిందంటే బాడీ పలచన. మూతను ఒక మూల పట్టుకుని తెరిచి చూడండి. మూతను పట్టి ఉంచే కీలు (హింజ్) దగ్గర కిర్రుమన్నా, ప్లాస్టిక్ పైకి లేచినా రెండేళ్లలో అక్కడే విరుగుతుంది. రిపేరు కోసం నా దగ్గరికి తెచ్చిన వాటిలో ప్రాసెసర్ పాడైనవి చాలా అరుదు. మూత కీలు విరిగినవే ఎక్కువ.

బ్రాంచిని బట్టి మారుతుందా?

చాలా మారుతుంది. సీఎస్ఈ, ఐటీ పిల్లలకు 16 జీబీ ర్యామ్, మంచి కీబోర్డు, మంచి స్క్రీన్ ఉంటే విడి గ్రాఫిక్స్ కార్డు అవసరమే లేదు. ఈసీఈ వాళ్లు మాట్‌ల్యాబ్, కీల్, వివాడో లాంటి సాఫ్ట్‌వేర్లు వాడతారు. వివాడో డిస్కులో చాలా చోటు తింటుంది, కాబట్టి వీళ్లు ఎస్ఎస్‌డీ పెంచుకునే వీలు ఉందో లేదో చూసుకోవాలి.

సివిల్, మెకానికల్ పిల్లల సంగతి వేరు. ఆటోక్యాడ్ టూడీ డ్రాయింగ్‌కు మామూలు లాప్‌టాప్ చాలు. రెవిట్‌లో భవనం మోడల్ తిప్పాలన్నా, సాలిడ్‌వర్క్స్‌లో పెద్ద అసెంబ్లీ తెరవాలన్నా, ఆన్సిస్ నడపాలన్నా హెచ్ రకం ప్రాసెసర్, విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే హాయి. కానీ ఇవన్నీ మొదటి ఏడాదిలో రావు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు మొదటి సెమిస్టర్ కాలేజీ ల్యాబ్‌తో గడిపి, సీనియర్లను అడిగి, ఆ తర్వాత కొన్నా నష్టం లేదు. అడ్మిషన్ రోజే లాప్‌టాప్ ఉండాలన్న రూలు ఎక్కడా లేదు.

గేమింగ్ లాప్‌టాప్ కొనిపెట్టమంటున్నాడు. చదువుకూ పనికొస్తుందట. నిజమేనా?

పనికొస్తుంది. ఏం వదులుకోవాలో కూడా తెలుసుకుని కొనండి. లాప్‌టాప్, దాని చార్జర్ ఇటుకతో కలిపి దగ్గర దగ్గర మూడు కిలోలు బ్యాగులో మోయాలి. చార్జర్ లేకుండా ఒక పూట గడవడం కష్టం. బస్సులో రోజూ తిరిగే అమ్మాయికైనా అబ్బాయికైనా అది చిన్న విషయం కాదు.

కొనేటట్టయితే గ్రాఫిక్స్ కార్డు పేరుతో పాటు దానికి ఎన్ని వాట్లు ఇచ్చారో చూడండి. ఆర్‌టీఎక్స్ 4050 కార్డును కంపెనీలు 35 నుంచి 115 వాట్ల మధ్య ఎంతకైనా బిగించవచ్చు. పేరు ఒకటే, బలం వేరు. స్పెసిఫికేషన్లలో టీజీపీ అని రాసేది ఈ వాట్లనే. అది ఎక్కడా రాయకుండా సన్నగా, తేలికగా ఉందని చెప్పి అమ్మితే జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 3050లో కూడా 4 జీబీ, 6 జీబీ అని రెండు రకాలున్నాయి. 6 జీబీదే తీసుకోండి.

ఏఐ కోర్సు తీసుకున్నాడు. ఏఐ లాప్‌టాప్ కావాలా?

మూత మీది ఏఐ స్టిక్కర్‌కూ, ఏఐ చదువుకూ పెద్దగా సంబంధం లేదు. ఎన్‌పీయూ అనే చిప్ ఫొటో బ్యాక్‌గ్రౌండ్ మసక చేయడం లాంటి చిన్న పనులకు ఉపయోగపడుతుంది. పిల్లలు మోడల్ ట్రెయిన్ చేసేది ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు మీద, లేదంటే బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ మీద. కొలాబ్‌ను ఉచితంగానే మొదలుపెట్టవచ్చు, దానికి మామూలు లాప్‌టాప్, మంచి నెట్ ఉంటే చాలు.

స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే విండోస్ లాప్‌టాప్‌లకు బ్యాటరీ చాలా బాగా వస్తుంది. కానీ ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు, ల్యాబ్ బోర్డుల డ్రైవర్లు కొన్ని వాటిలో పనిచేయవు. విద్యార్థులకు నేను ఇంకా చెప్పడం లేదు.

మ్యాక్‌బుక్ ఎయిర్ కొనవచ్చా?

సీఎస్ఈ అయితే, బడ్జెట్ ఉంటే, కొనండి. చప్పుడు లేదు, ఫ్యానే లేదు, బ్యాటరీ రోజంతా వస్తుంది, ఆరేళ్లయినా గట్టిగా ఉంటుంది. 2024 అక్టోబర్ చివరి నుంచి మొదటి రకంలోనే 16 జీబీ ఇస్తున్నారు. దానికి ముందు తయారైన 8 జీబీ స్టాకు తక్కువకు ఇస్తామన్నా వద్దు, ఎందుకంటే మ్యాక్‌లో ఏదీ తర్వాత పెంచుకోలేరు.

సివిల్, మెకానికల్, ఈసీఈ పిల్లలకు మాత్రం వద్దనే చెబుతాను. సాలిడ్‌వర్క్స్, క్యాటియా, రెవిట్, వివాడో మ్యాక్‌లో రావు.

మా బడ్జెట్ 35-40 వేలే. ఇంకేమీ పెట్టలేం.

ఇలా చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. పడాల్సిన పని లేదు. ఈ ధరలో పేరు కోసం పాకులాడకుండా, 12 లేదా 13వ జనరేషన్ ఐ3 ఉండి, ఖాళీ ర్యామ్ స్లాట్ ఉన్నది వెతకండి. ఐ3-1215యూలో ఆరు కోర్లున్నాయి, ఇంజినీరింగ్ మొదటి రెండేళ్లు నిశ్చింతగా గడుస్తాయి.

రెండో దారి కంపెనీలు వాడి తీసేసిన లాప్‌టాప్‌లు: థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఇవి దొరుకుతాయి. ఒకప్పుడు లక్ష పెట్టి కొన్న బాడీ, కీబోర్డు కాబట్టి ఇప్పటికీ దృఢంగా ఉంటాయి. కానీ ఇంటెల్ 8వ జనరేషన్ కంటే పాతది ఎంత చౌకైనా కొనకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, 6, 7 జనరేషన్లకు దాదాపుగా విండోస్ 11 అధికారికంగా రాదు. ఎలాగోలా ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారు, తర్వాత అప్‌డేట్లతో తిప్పలు పడేది మీరు. కొనేముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌తో ఎస్ఎస్‌డీ ఆరోగ్యం చూడండి, చార్జర్ తీసేసి అరగంట అక్కడే కూర్చుని వాడండి. బిల్లు, కనీసం మూడు నెలల షాపు వారంటీ రాయించుకోండి.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య తెస్తానంటున్నాడు. అక్కడ చౌక కదా?

ఒక్కోసారి చౌకే. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కానీ అక్కడ రాసి ఉన్న ధర మీద అమ్మకం పన్ను వేరే పడుతుంది, అది కలిపి చూడమనండి. చార్జర్ మన 230 వోల్టులకు పనిచేస్తుంది, పిన్ను మారిస్తే చాలు. అసలు చిక్కు వారంటీతో. కొన్ని మోడళ్లకు అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. అన్నయ్య కొనేముందే ఆ కంపెనీ సైట్‌లో చూసి చెప్పమనండి. మ్యాక్ అయితే నేను సరే అంటాను, గేమింగ్ లాప్‌టాప్ అయితే ఇక్కడే కొనమంటాను.

ఇంట్లో వాడకానికి, షాపు లెక్కలకు ఏది?

టాలీ, ఎక్సెల్, జీఎస్‌టీ రిటర్నులు, తెలుగు టైపింగ్... వీటికి ఐ3, 8 జీబీ సరిపోతుంది. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు ముందే ఉంటాయి, అందుకని ఎక్కువ ఖర్చు పెట్టనక్కర్లేదు. డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర పరికరాలు వాడే మీసేవ నిర్వాహకులు మాత్రం ఇంటెల్ లేదా ఏఎండీ విండోస్‌కే పరిమితం కావాలి. అను స్క్రిప్ట్ మీద బతికే డీటీపీ వాళ్లు తమ వెర్షన్ విండోస్ 11లో నడుస్తుందో లేదో అడిగి తెలుసుకున్నాకే పాత యంత్రం వదలాలి. వ్యాపారం పేరు మీద కొంటే బిల్లులో మీ జీఎస్‌టీ నంబరు వేయించుకోండి. లాప్‌టాప్ మీద 18 శాతం పన్ను ఉంది, అర్హత ఉన్నవాళ్లకు అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది.

ఎక్కడ కొనాలి? వారంటీ పెంచుకోవాలా?

షాపులో చేత్తో పట్టుకుని చూడండి, ఆన్‌లైన్‌లో ధర చూడండి, తేడా తక్కువైతే షాపులోనే కొనండి. మోడల్ పేరు కాదు, దాని కింద ఉండే పూర్తి పార్ట్ నంబరు రాసుకోండి. ఒకే పేరుతో స్క్రీన్ వేరు, ర్యామ్ వేరు ఉన్నవి నాలుగైదు అమ్ముతారు.

వారంటీ ఆన్‌సైట్ అయితే మనిషి ఇంటికొస్తాడు. క్యారీ-ఇన్ అయితే మీరే సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలి. నరసన్నపేటలోనో ఆసిఫాబాద్‌లోనో ఉండేవాళ్లకు ఈ తేడా రెండు రోజుల పని. హాస్టల్లో ఉండే పిల్లలకు మాత్రం కింద పడినా, నీళ్లు ఒలికినా కవరయ్యే ప్లాన్ తీసుకోమని గట్టిగా చెబుతాను.

ఎండాకాలంలో వేడెక్కి ఆగిపోతోంది. లోపమా?

చాలా కంపెనీల మాన్యువల్లో వాడదగిన గది వేడి 35 డిగ్రీల వరకే అని ఉంటుంది. రామగుండంలో, రెంటచింతలలో మే మధ్యాహ్నం 45 దాటే రోజులుంటాయి. పరుపు మీద పెట్టకండి, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. బల్ల మీద వెనకవైపు రెండు అంగుళాలు ఎత్తు పెడితే చాలా తేడా వస్తుంది. రోజంతా చార్జింగ్‌లోనే ఉంచేవాళ్లు బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ వేసుకోండి. చాలా బ్రాండ్ల సొంత యాప్‌లో అది ఉంటుంది.

బాక్సు ఇంటికొచ్చాక మొదట ఏం చేయాలి?

బాక్సు తెరిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ఆన్ చేయగానే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్ బిల్లులో ఉన్నట్టే ఉన్నాయా చూడండి. స్క్రీన్‌ను పూర్తిగా తెల్లగా ఒకసారి, నల్లగా ఒకసారి చేసి చుక్కలున్నాయేమో వెతకండి. ప్రతి యూఎస్‌బీ రంధ్రంలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. మీరు కొన్న తేదీ కంటే ముందుంటే బిల్లు పంపి సరిచేయించుకోవాలి. బిల్లు ఫొటోను ఇంట్లో ఇద్దరికి వాట్సాప్ చేసి పెట్టండి. వేడికి ముద్రించే బిల్లులైతే ఏడాది తిరిగేసరికి అక్షరాలు చెరిగిపోతాయి.